బరువు మోయని బండికి బ్రహ్మరథం

ఒడిశాలోని రాయగడ శ్రీమంతులలో ఈమధ్య ఒక కొత్త వ్రతం ప్రబలింది. ఏ తుక్కు కొట్టులోనో పడి ఉన్న పాత పికప్ వ్యానును కొని, దానిని "స్వహస్తాలతో" పునరుద్ధరించడమే ఆ వ్రతం. అందులోనూ 1965లో మహీంద్రా వారు తెచ్చిన ఎఫ్.సి.-150 దొరికిందంటే జన్మ ధన్యమే. ఆ బండికి ముందు ముక్కుండదు; ఇంజను క్యాబిన్‌లో డ్రైవరు పక్కనే కూర్చుంటుంది గనుక, వేసవిలో ఘాట్ రోడ్డు ఎక్కేసరికి అతని మోకాలు ఉడికిపోయేది. ఆ వేడినే నేటి భక్తులు "వ్యక్తిత్వం" అంటున్నారు.

మా పేట పెద్దమనిషి ఒకరు ఈ వ్రతంలో అందరినీ మించిపోయారు. మొదట గ్రైండరు పెట్టించి తుప్పంతా గీకించారు. చిల్లులు పడిన నేలరేకును కోయించి కొత్త రేకు అతికించారు. పుట్టీ పెట్టించి, ప్రైమరు కొట్టించి, నున్నగా రంగు వేయించారు. అంతా అయ్యాక ఆయనకు బెంగ పట్టుకుంది: బండి పాతదిలా కనిపించడం లేదు! వెంటనే పెయింటరును పిలిపించి, తలుపుల అంచులకు, మడ్గార్డులకు స్పాంజితో తుప్పు రంగు అద్దించారు. ఎడమ తలుపు మీది మచ్చ మరీ గుండ్రంగా వచ్చిందని, తుప్పుకు అంత క్రమశిక్షణ ఉండదని విమర్శించి, దానిని చెరిపించి మళ్ళీ వేయించారు. ఆ పైన, వేసిన తుప్పు చెడిపోకుండా వార్నిషు కొట్టించారు. ఆషాఢంలో నాలుగు వానలకు ఆరుబయట వదిలేస్తే ఈ కొండప్రాంతంలో తుప్పు ఊరికే వస్తుంది. కానీ అది అసలు తుప్పు గదా, దానివల్ల కొన్న తుప్పు పాడవుతుందని బండికి టార్పాలిను కప్పించారు.

ఇక మిగిలింది ప్రభుత్వ గుర్తింపు. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని వాహనాలకు కేంద్రం 2021లో ప్రత్యేక నిబంధనలు చేసింది, 20,000 రూపాయలు కడితే "వి.ఎ." అక్షరాలున్న నంబరు పదేళ్ళకు ఇస్తారు. చిక్కల్లా ఏమిటంటే, అది సొంత వాడుక వాహనాలకే గాని వ్యాపారపు బళ్ళకు కాదు. అందుచేత మన పెద్దమనిషి, ఈ బండి పుట్టి బుద్ధెరిగి సరుకు మోయనే లేదని రుజువు చేసే పనిలో పడ్డారు. తొట్టి పలకల మీద బస్తాలు ఈడ్చిన గీతలను పెళ్ళివారి ట్రంకుపెట్టెల గీతలని వాదిస్తున్నారు. తాళ్ళు కట్టే కొక్కేలు పూలదండలు తగిలించడానికేనట. ఎంత కడిగినా పోని చింతపండు వాసనకు మాత్రం ఇంకా సంజాయిషీ తయారు కాలేదు.

నవ్వింది చాలు. కాశీపురం, బిసంకటక్ సంతల నుంచి పసుపు, చింతపండు, కొండచీపుళ్ళు ఇలాంటి బళ్ళలోనే దిగాయి. బస్సు లేని ఊళ్ళో నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఆసుపత్రికి దించింది కూడా ఇలాంటి బస్తాల బండే. ఆ బరువుల మోతను చూసి సిగ్గుపడవలసిన అవసరం ఎవరికి వచ్చింది? బండిని నిజంగా బాగుచేసిన మేస్త్రీ షెడ్డులో ఉన్నాడు. సరైన నల్లద్దం కూడా లేకుండా రాత్రుళ్ళు వెల్డింగు చేసి, తెల్లవారేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టయి రెప్ప తెరవలేకపోయాడు. దొంగ తుప్పుకు అడిగినంతా ఇచ్చిన చేతులే అతని కూలి దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడాయి. స్వహస్తాలంటే ఇవేనా? మిగిలిన బాకీ కోసం మేస్త్రీ మొన్న ఇంటికి వెళితే, పెద్దమనిషి పానా పట్టుకొని బండి కిందికి దూరి, "మేస్త్రీ, నా చేతులకు కాస్త గ్రీజు రాసి ఒక ఫోటో తియ్యి" అన్నారట.