ఒక్క పనికి ఇన్ని పేర్లా?

కొత్తగా కెమెరా పట్టినవాళ్లను చూస్తే జాలేస్తుంది. చేతి వణుకును సర్దే ఏర్పాటు ఒక్కటే. కెనాన్ లెన్సు మీద ఐఎస్, నికాన్ మీద వీఆర్, టామ్రాన్ మీద వీసీ, సోనీ మీద ఓఎస్‌ఎస్! కెమెరా మీద మోడ్ మార్చే చక్రం, మోడ్ డయల్, మరీ ఘోరం. షట్టర్ వేగాన్ని మనం ఎంచుకునే మోడ్‌కు నికాన్‌లో ‘ఎస్’, కెనాన్‌లో ‘టీవీ’. అది టైమ్ వాల్యూ అని చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? వీడియో కోసమేమో అనుకుంటే తప్పు వాళ్లదా?

ఇక తెలుగు రాత. లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని అపర్చర్, ఎపర్చర్, ఎపెర్చూర్... ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. వెతికేవాళ్లకు సగం సమాచారం దొరకదు. వెనక భాగం మసకబారే తీరుకు జపాన్‌వాళ్ల మాట బొకె. 1997లో ఒక అమెరికా పత్రిక జనం సరిగ్గా పలకాలని ఇంగ్లిష్ స్పెల్లింగ్ చివర ‘హెచ్’ తగిలించింది. ఆ హెచ్‌ను పట్టుకుని ఇక్కడ బోకెహ్ అని రాస్తున్నారు! పోనీ బొకే అని వెతికితే పూలగుత్తులొస్తాయి.

అన్నిటికన్నా ఒళ్లు మండేది ఫొటోల మీద పొడి అక్షరాల విమర్శ. ‘డీఓఎఫ్ తక్కువ, సీఏ ఎక్కువ’ అని పడేసి పోతారు. డీఓఎఫ్ అంటే ఫోకస్‌లో ఉండే లోతు, సీఏ అంటే అంచుల్లో వచ్చే రంగు గీతలు. ‘ముక్కు ఫోకస్‌లో ఉంది, కళ్లు లేవు, కొమ్మల అంచున ఊదా గీత వచ్చింది’ అని రాయడానికి ఎంతసేపు? అలా రాస్తే నేర్చుకునేవాళ్లు ఎపర్చర్ రెండు స్టాపులు, అంటే రెండు మెట్లు, తగ్గించి మళ్లీ తీసుకుంటారు కదా!