ఖాళీ చేయమన్న తీర్పు తర్వాత దుకాణం అద్దె ఎంత?

న్యూఢిల్లీలోని కన్నాట్ సర్కస్‌లో ఒక వాణిజ్య స్థలానికి అద్దెదారు నెలకు చెల్లిస్తున్నది 371 రూపాయల 90 పైసలు. ఖాళీ చేయాలని 2001లో అద్దె నియంత్రణాధికారి ఆదేశించారు. అద్దెదారు వేసిన అప్పీలు తేలేవరకు ఆ ఆదేశాన్ని నిలిపివేయాలంటే (స్టే ఇవ్వాలంటే) నెలకు 15,000 రూపాయల చొప్పున జమ చేయాలని ఆ అప్పీలు వింటున్న ట్రైబ్యునల్ షరతు పెట్టింది. అంటే సుమారు నలభై రెట్లు. హైకోర్టు ఆ షరతును కొట్టివేయగా, 2004 డిసెంబరులో ఆత్మారామ్ ప్రాపర్టీస్, ఫెడరల్ మోటార్స్ మధ్య వివాదంలో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది.

సుప్రీంకోర్టు తర్కం సూటిగానే ఉంది. ఖాళీ చేయమన్న ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి అద్దె ఒప్పందానికి కాలం చెల్లుతుంది గనుక, ఆ తర్వాత కూడా స్థలాన్ని అనుభవించే వ్యక్తి పాత అద్దెకు కాక, యజమాని దాన్ని ఇతరులకు ఇచ్చి ఉంటే వచ్చే మొత్తానికి బాధ్యుడవుతాడు. అప్పీలు వేసినంత మాత్రాన కింది ఉత్తర్వు అమలు ఆగదు. ఆపమని కోరేవారిపై సహేతుకమైన షరతులు విధించే అధికారం కోర్టుకు ఉంటుంది. 2009లో సూపర్‌మాక్స్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా దీన్నే సమర్థించింది. అయితే ఈ అధికారానికి హద్దు ఉంది. ఖాళీ చేయించే ఉత్తర్వు లేకుండా, యజమాని వేసిన రిట్‌లో హైకోర్టు తనంతట తాను అద్దె పెంచడం చెల్లదని 2008లో నియాజ్ అహ్మద్ ఖాన్ కేసులో అదే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సూత్రంతో నాకు పేచీ లేదు, లెక్కతోనే ఉంది. స్టే దశలో సాక్షుల విచారణ ఉండదు. యజమాని పక్క భవనాల లీజు దస్తావేజులు, మదింపుదారు నివేదిక దాఖలు చేస్తాడు, అద్దెదారు వాటిని కాదంటాడు, కోర్టు నడుమ ఎక్కడో ఒక అంకె వేస్తుంది. పక్క లీజు కింది అంతస్తుదా, పై అంతస్తుదా, అద్దెను కార్పెట్ ఏరియాపై (గోడల లోపలి స్థలం) లెక్కించారా, సూపర్ బిల్టప్ ఏరియాపైనా (మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి స్థలాల వాటా కలిపినది), నిర్వహణ ఖర్చు అందులో కలిసి ఉందా, భారీ అడ్వాన్సు తీసుకుని అద్దె తగ్గించారా అన్న వివరాలు మారితే అంకె కూడా మారుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 2(12) సెక్షన్ ప్రకారం, అక్రమ స్వాధీనంలో ఉన్న వ్యక్తి సొంత ఖర్చుతో చేసిన మెరుగుల వల్ల వచ్చే లాభాన్ని, స్థలాన్ని అనుభవించినందుకు అతను యజమానికి చెల్లించే పరిహారంలో కలపకూడదు. దుకాణానికి గాజు ముఖద్వారం, ఏసీలు తానే పెట్టుకున్న వ్యాపారికి ఇది గట్టి వాదన అయినా, స్టే దశలో దీన్ని తేల్చేంత తీరిక కోర్టుకు ఉండదు.

హైదరాబాద్ వ్యాపారులకూ ఇది దగ్గరి విషయమే. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అద్దె నియంత్రణ చట్టం వర్తించదు కాబట్టి, దాదాపు ప్రతి వాణిజ్య లీజు వివాదం సివిల్ కోర్టుకే చేరుతుంది. ఖాళీ చేయమన్న డిక్రీ వచ్చాక నష్టపరిహారం తేల్చే విచారణ తరచు వేరుగా సాగుతుంది, ఏళ్లు పడుతుంది.

ఆత్మారామ్ కేసును ఉదహరించే న్యాయవాదులు నలభై రెట్లన్న అంకెను గుర్తుంచుకున్నంతగా, ట్రైబ్యునల్ షరతులోని మిగతా సగాన్ని గుర్తుంచుకోరు. జమ చేసిన డబ్బు అప్పీలు తేలేవరకు కోర్టు వద్దే ఉండాలని, ఏ పక్షానికీ చెల్లించరాదని అందులో ఉంది. తొందరలో వేసిన అంచనా తప్పని తేలితే తిరిగి సర్దడానికి వీలున్నది ఆ ఏర్పాటు వల్లే. స్టే ఇచ్చే ప్రతి కోర్టూ ఆ సగాన్ని కూడా తన ఉత్తర్వులో రాయాలి, అంకెను ఏ దస్తావేజు ఆధారంగా, ఎన్ని చదరపు అడుగులకు లెక్కకట్టిందో చెప్పాలి.