రాసేటప్పుడు పిలవకండి

ఇంట్లో కూర్చుని రాయడం కుదరడం లేదని ఎవరితోనైనా అంటే చాలు, "ఫోను పక్కన పడేయ్, అన్నీ అవే కుదురుతాయి" అంటారు. ఈ సలహా విని విని విసుగెత్తింది. ఫోను తప్పేమీ లేదని నేను అనను. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. మోగకుండా బల్ల మీద బోర్లించి పెట్టినా సరే, ఫోను ఎదురుగా ఉన్నవాళ్లు పరీక్షలో కాస్త వెనకబడ్డారట. వేరే గదిలో వదిలి వచ్చినవాళ్లు మెరుగ్గా చేశారట. ఆ తర్వాత జరిగిన పరిశోధనలన్నీ దీన్ని బలపరచలేదు గానీ, నేను మాత్రం రాసినంతసేపూ ఫోనును బీరువాలో పెట్టి తలుపు వేస్తాను. అయినా కథ సాగదు. నన్ను పిలిచేది ఫోను ఒక్కటే అయితే కదా.

ఉద్యోగానికి రోజూ కావలి నుంచి నెల్లూరుకు రైల్లో వెళ్తాను. ప్యాసింజరు బండిలో ఎంత రొద ఉంటుందో ఆ దారిలో తిరిగేవారికి చెప్పనక్కర్లేదు. సమోసాలవాళ్లు, పల్లీలవాళ్లు, బిట్రగుంటలో ఎక్కే పిల్లల కబుర్లు, ఎవరి ఫోనులోంచో గట్టిగా పాటలు. ఆ గోలలోనే ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని రాస్తాను. తలమంచి, కొడవలూరు ఎప్పుడు దాటాయో కూడా తెలియదు. పడుగుపాడు దాటి బండి పెన్న వంతెన ఎక్కాక చక్రాల చప్పుడు మారుతుంది. అప్పుడు తలెత్తి పెన్నుకు మూత పెడతాను. అదే నేను ఆదివారం ఇంట్లో, తలుపు దగ్గరగా వేసుకుని, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని గదిలో ఒక పేరా పూర్తి చేయలేకపోతున్నాను. ఎందుకు? బండినిండా మనుషులున్నా వాళ్లలో ఒక్కరికీ నాతో పని లేదు. ఇంట్లో ఉన్న నలుగురికీ నాతోనే పని.

వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు అదే అరుపును ఎన్నిసార్లు తిప్పి తిప్పి వినిపించినా నా వాక్యం తెగదు. పక్క గదిలోంచి మెల్లగా "అమ్మా" అంటే తెగుతుంది.

మొన్న అల్లూరు వైపు రొయ్యల చెరువుకు రాత్రి కాపలా ఉండే మనిషి గురించి కథ రాస్తున్నాను. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపూ ఆ హోరులోనే కునుకు తీస్తాడు. కరెంటు పోయి అవి ఆగితే ఉలిక్కిపడి లేస్తాడు. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువగా ఉంటుంది, ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది. చీకట్లో లేచినవాడు ముందు జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. కానీ నా మనిషి టార్చి పట్టుకుని నీళ్ల వైపు వెళ్తాడని నాకు తట్టింది. ఎందుకు వెళ్తాడో కూడా తట్టింది. రాయబోతుండగా లోపలి నుంచి "గ్యాస్ పుస్తకం ఎక్కడ పెట్టావు?" అని కేక. ఫ్రిజ్ మీద ఉందని చెప్పాను. అర నిమిషం కూడా పట్టలేదు. తిరిగి కాగితం చూసుకుంటే నా కాపలా మనిషి చెరువు గట్టు మీద నిలబడే ఉన్నాడు. ఎందుకొచ్చాడో మాత్రం నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తుకు రాలేదు.

అర నిమిషానికే ఇంత గొడవా అంటారు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే దీన్ని వివరించారు. ఒక పని ముగించకుండా ఇంకో పనికి మళ్లితే ధ్యాస మొత్తం మనతో రాదు, కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది, ఆ మేరకు కొత్త పని దెబ్బతింటుంది. ఆ గ్యాస్ పుస్తకం వెనకాలే సిలిండర్ బుక్ చేయాలన్న సంగతి, దాని వెనకాల నెలాఖరు ఖర్చులు, అన్నీ వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంటాయి. 1980ల చివర్లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు పెట్టుకుని 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి కనిపెట్టాడు. మంచి పద్ధతే. కానీ ఆ 25 నిమిషాలకు ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి కదా.

ఇంట్లో మగవాళ్లు పుస్తకం పట్టుకుంటే "నాన్న చదువుకుంటున్నారు, అల్లరి చేయకండి" అని పిల్లల్ని గదమాయించేది మనమే. మనం పెన్ను పట్టుకుంటే మాత్రం గుమ్మంలోంచి "ఖాళీగానే ఉన్నారా వదినా?" అనే పలకరింపు. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఆ 299 నిమిషాలూ ఒక్కచోట కుప్పగా ఉంటే మిగతా రోజు మనదే అనుకోవచ్చు. అవి కుళాయి నీళ్లు వచ్చినప్పుడు కొన్ని, పాలు పొంగేటప్పుడు కొన్ని, రోజంతా చల్లినట్టు ఉంటాయి. మిగిలిన సమయం కూడా ముక్కలే. ముక్కల్లో కూరలు తరగవచ్చు, కథ రాయలేం.

నెల్లూరు జిల్లాలో ఉంటూ ఈ మాట అంటే వెంటనే తిక్కన పేరు ఎత్తుతారు, పెన్న ఒడ్డున ప్రశాంతంగా కూర్చుని రాశాడని. ఆయన నెల్లూరు రాజు మనుమసిద్ధికి మంత్రి. రాజ్యం చేజారినప్పుడు ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెబుతారు. అంత తీరికలేని మనిషి విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు రాశాడు. ఆయన చెబుతుంటే గురునాథుడు రాసిపెట్టేవాడని కూడా మనవాళ్లే చెప్పుకుంటారు. అంటే ఆ పద్యం పూర్తయ్యేదాకా పక్కన కనిపెట్టుకుని కూర్చున్న మనిషి ఒకడున్నాడు. నాకు నచ్చేది ఈ గురునాథుడి కథే.

బొట్టు పెట్టి పెళ్లికి పిలవడానికి వచ్చినవారిని గుమ్మంలో నిలబెట్టమని నేను అడగడం లేదు. పిల్లకు జ్వరం వస్తే కథ ఆగుతుంది, ఆగాలి కూడా. గ్యాస్ పుస్తకం మాత్రం ఒక గంట ఆగగలదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. నేను రాసే గంటలో ఎవరికి ఏం కావలసినా ఫ్రిజ్ మీది చీటీలో రాసిపెట్టాలి, లేచాక చూస్తాను. మొదట్లో మావారు నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆ చీటీలో చాలావాటికి సమాధానం నేను లేచేలోపే వాళ్లకే దొరుకుతోంది.

ఇంట్లో ఇలా ఒప్పందం కుదరనివాళ్లు ఎక్కడికి వెళ్లాలి? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం, 1960 చట్టం ప్రకారం. మన గ్రంథాలయాల్లో బల్లలు పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో నిండిపోతున్నాయి. వాళ్లకు ఆ చోటు కావాలి, కాదనను. కానీ రాసుకునేవాళ్లకు ప్రతి గ్రంథాలయంలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు కేటాయించమని అడగడంలో తప్పేముంది? అక్కడ పేజీలు తిప్పే చప్పుడు ఉంటుంది, దగ్గులు ఉంటాయి, బయట ఆటోల హారన్లు ఉంటాయి. పేరు పెట్టి పిలిచేవారు ఉండరు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల గ్రంథాలయ సంస్థలకు ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాను. కందుకూరు, కనిగిరి, గూడూరు వైపు నుంచి సంతకం చేసేవారు ఉంటే చెప్పండి, కాగితం మీకూ పంపిస్తాను.