27 ఆవర్తనాలూ, ఆపైన

మొన్న శనివారం సాయంత్రం మా డైరెక్టరు గారింట్లో బుర్ర సరిగ్గా పనిచేసింది ఒక్కరికే. ఆయన అత్తగారికి. మిగతావాళ్లం, అంటే బెంగళూరు సర్జాపూర్ రోడ్డు చుట్టుపక్కల ఆఫీసుల్లో కూర్చుని కంప్యూటర్లకు బుద్ధులు చెప్పే తెలుగువాళ్లం, అందరం కలిసి ఒక గీత ముందు ఓడిపోయాం.

దీనికంతటికీ కారణం పాటలు వినే ఒక యాప్. నేను రాక్ వింటాను, కాలేజీ రోజుల నుంచీ. ఈమధ్య లెడ్ జెపెలిన్ వాళ్ల 1969 నాటి మొదటి ఆల్బమ్ మళ్లీ వింటుంటే, అందులో రెండు పాటలు విల్లీ డిక్సన్ అనే చికాగో బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) ఆయన రాసినవని తెలిసింది. సరే ఈయనెవరో చూద్దామని వెళ్తే, ఆయన పాటలు పాడిన మడ్డీ వాటర్స్ తగిలాడు. ఆ మడ్డీ వాటర్స్ పాట పేరునే రోలింగ్ స్టోన్స్ వాళ్లు తమ బ్యాండుకి పెట్టుకున్నారు. ఇలా తీగ లాగుతూ పోతే డొంకంతా కదులుతుందని నాకు అర్థమైంది. యాప్‌కి అర్థం కాలేదు. ఒక రాత్రి మైల్స్ డేవిస్ అనే జాజ్ ట్రంపెట్ ఆయన 'కైండ్ ఆఫ్ బ్లూ' విన్నాను. 1959 రికార్డు. దాని మీద వాయించినవాళ్లలో జాన్ కోల్ట్రేన్, క్యానన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్ ఉన్నారు. ఒక్కో పేరూ పట్టుకుని ఒక్కో దారిలో నెలల తరబడి నడవొచ్చు. కానీ యాప్‌లో ఆ పేర్లు ఎక్కడో అడుగున, మూడు చుక్కల వెనక దాక్కుని ఉంటాయి. పైగా మర్నాటి నుంచి అది నాకు 'వానలో కాఫీ షాపు జాజ్' అని ఒకటి వడ్డించడం మొదలుపెట్టింది. వాయించినవాళ్ల పేరుండదు. వెనక వాన చప్పుడు. బెంగళూరులో ఉంటూ వాన చప్పుడుకి నెలనెలా చందా కట్టాలా?

ఈ బాధ క్యాంటీన్‌లో ఎవరికో చెబుతుంటే మా డైరెక్టరు గారు విన్నారు. "నువ్వు జాజ్‌ని యాప్‌లో వింటావామ్మా?" అని అడిగి, చంటిబిడ్డకి నీళ్లపాలు పడుతున్నానని తెలిసినట్టు చూశారు. తర్వాత, 2003లో రోలింగ్ స్టోన్స్ మన ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు తాను ముందు వరసలో ఉన్నానని చెప్పారు. ఇది ఆయన రిలీజ్ ఎందుకు ఆలస్యమైందో మాట్లాడే మీటింగులో కూడా చెబుతారు. శనివారం తన ఇంట్లో 'శ్రవణ గోష్ఠి' ఉందనీ, అసలైన రికార్డులు అసలైన పద్ధతిలో వినాలంటే రమ్మనీ పిలిచారు. పై అధికారి పిలుపు. వెళ్లాను. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఏం జరిగిందో చెప్పను. బెంగళూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లు నమ్మరు.

గుమ్మం దగ్గరే నియమాలు. ఫోన్లు బుట్టలో వేయాలి. రికార్డు తిరుగుతున్నంతసేపూ మాట్లాడకూడదు, లేవకూడదు. జంతికలు పెట్టారు గానీ కరకరలాడతాయి కాబట్టి ప్లేటు వైపు మార్చేటప్పుడే తినాలి.

ముందు బ్లూస్. రాబర్ట్ జాన్సన్. 1936, 37ల్లో టెక్సస్‌లో పాడినవన్నీ కలిపి 29 పాటలు, 1938లో 27 ఏళ్లకే మనిషి పోయాడు. 1961లో ఆ పాటల్లో కొన్నింటిని ఎల్పీ ప్లేటుగా వేస్తే ఇంగ్లండులో గిటారు పట్టిన కుర్రాళ్లందరికీ పూనకం వచ్చింది. తర్వాత బీబీ కింగ్ 'లైవ్ ఎట్ ద రీగల్', 1964లో చికాగో థియేటర్లో జరిగిన కచేరీ. బ్లూస్ కొత్తవాళ్లెవరైనా అడిగితే నేను చెప్పేది ఈ ఒక్క రికార్డే. ఆయన ఒక మాట అని గిటారు తీగ సాగదీయగానే జనంలో ఆడవాళ్లు వేసే కేకలుంటాయే, అవి కూడా వాద్యమే. ఇక్కడిదాకా నాకు ఏ ఫిర్యాదూ లేదు.

తర్వాత జాజ్ పియానో ఆయన డేవ్ బ్రూబెక్ 'టైమ్ ఔట్'. అదీ 1959దే. అందులో 'టేక్ ఫైవ్' వేసే ముందు డైరెక్టరు గారు, ఇది అయిదు దెబ్బల లెక్క, మన చెవికి అంత తేలిగ్గా అందదు, ఒకటికి రెండుసార్లు వినాలి అని హెచ్చరించారు. అదే సమయంలో వంటింటి గుమ్మంలో పీట వేసుక్కూర్చున్న ఆయన అత్తగారు, మదనపల్లె నుంచి వచ్చారట, నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నారు. పాట మొదలైన కాసేపటికి ఆవిడ వేళ్లు చూశాను. తక తకిట, తక తకిట. అయిదు లెక్క ఖండ చాపులో గింజలు గిన్నెలో పడుతున్నాయి. చెవికి అందనిదల్లా మా గదిలోనే.

ఇక అసలు ఘట్టం. 'ఎల్లింగ్టన్ ఎట్ న్యూపోర్ట్'. జాజ్‌లో స్వింగ్ అనే ఊపు అంటే ఏమిటో తెలియాలంటే ఇది వినాలని నేనూ చాలాచోట్ల చదివాను. డైరెక్టరు గారు లేచి నిలబడి మరీ కథ చెప్పారు. 1956 జూలై 7, అమెరికాలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. పెద్ద బ్యాండ్ల కాలం అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజులు. అర్ధరాత్రి కావస్తోంది, జనం ఇళ్లకి బయల్దేరుతున్నారు. బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1937 నాటి తన పాత రచన ఒకటి తీశాడు, రెండు భాగాలది. ఆ రెంటి మధ్యా పాల్ గొన్‌సాల్వెస్ అనే సాక్సఫోన్ ఆయన్ని నిలబెట్టి, నీకు ఓపికున్నంతసేపు వాయించమన్నాడు. 12 బార్ల (నాలుగేసి దెబ్బల గుంపుల) బ్లూస్ ఒక ఆవర్తనం అనుకుంటే అలాంటివి 27 ఆవర్తనాలు వాయించాడాయన, ఆపకుండా. నల్ల గౌను ఆవిడెవరో లేచి నాట్యం మొదలుపెట్టింది. వెళ్లేవాళ్లు వెనక్కొచ్చారు. వచ్చే నెలకల్లా ఎల్లింగ్టన్ బొమ్మ టైమ్ పత్రిక అట్ట మీదికెక్కింది. "27! లెక్కపెట్టుకోండి!" అని ముల్లు దించారు. చర్చ్ స్ట్రీట్‌లో ఒక పాత రికార్డుల కొట్టులో కొన్న ప్లేటు. ఎంతకి కొన్నారో కూడా చెప్పారు, మా పీజీ మూడు నెలల అద్దె.

ఈ కథ ముందు చెప్పకపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అదే నా బాధ.

సోలో మొదలైంది. నిజంగానే అద్భుతం. గొన్‌సాల్వెస్ హడావుడి పడడు, ఒక్కో ఆవర్తనం పక్కన ఇంకోటి పేర్చుకుంటూ పోతాడు, వెనక జనం గోల పెరుగుతూ ఉంటుంది. నా పక్కన కొత్తగా చేరిన కుర్రాడు వేళ్ల కణుపుల మీద లెక్క పెడుతున్నాడు. పద్నాలుగో పదిహేనో అయిందనుకుంటాను. 'ప్యా ప రా ప్యా, టిక్' అని ఒక పలుకు వచ్చింది. మళ్లీ అదే వచ్చింది. మళ్లీ అదే.

ఎల్పీ నిమిషానికి 33 చుట్లూ, ఒకటిలో మూడోవంతూ తిరుగుతుంది. అంటే చుట్టుకి 1.8 సెకన్లు. గీత పడిన చోట ముల్లు గాడి తప్పి వెనకటి గాడిలో పడితే, ఆ 1.8 సెకన్లే ప్రళయం దాకా వినాలి. ఈ లెక్క ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు మాత్రం, ఆహా, ఒక పలుకుని పట్టుకుని ఎలా నలుపుతున్నాడో అనుకున్నాను. మన నాదస్వరం వాళ్లు చేయరూ? కచేరీలో నెరవల్ లేదూ? తాళం వేస్తున్న నా పాదం తప్పుతోంది. ఆ ముక్కలో అయిదు దెబ్బలూ, ఇంకో దెబ్బలో సగమూ పట్టినట్టున్నాయి, చుట్టు తిరిగేసరికి కాలు గాల్లో మిగిలిపోతోంది. నా కాలునే అనుమానించాను. పాదాన్ని చీరకుచ్చిళ్ల కింద దాచేశాను.

నా ఉద్యోగం టెస్టింగ్. తప్పు పడితేనే నాకు జీతం. ఒక బటన్ రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు వెళ్తున్నాయని అర్ధరాత్రి ఫోన్ చేసి చెప్పే మనిషిని. అలాంటిదాన్ని ఒక మనిషి శ్వాస ఆడకుండా అదే పలుకు నూటొక్కసారి పలుకుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ చూస్తే ఏమనుకోవాలి? హైదరాబాద్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు గారు కళ్లు మూసుకుని, పెదవులు బిగించి, తల అడ్డంగా ఊపుతున్నారు. ఫైనాన్స్ ఆయన భార్య కళ్లు తుడుచుకుంటోంది (కాంటాక్ట్ లెన్స్ గుచ్చుకుందని తర్వాత తెలిసింది). లెక్కపెడుతున్న కుర్రాడి కణుపులు అయిపోయాయి. బిత్తరపోయి నా వైపు చూసి, మళ్లీ చిటికెన వేలు నుంచి మొదలుపెట్టాడు. డైరెక్టరు గారు ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూశారు. మేం తన్మయత్వంలో ఉన్నాం. ఆయన ధైర్యంగా కన్ను మూసుకున్నారు. ఆయన్ని చూసి మేమూ ధైర్యం తెచ్చుకున్నాం. ఆయనకి అప్పటికే తెలుసని నా గట్టి అనుమానం, కానీ అంత డబ్బు పోసిన ప్లేటుకి గీత ఉందని నలుగురిలో ఒప్పుకునే మనిషి కాదు.

పక్కింటి కుక్క మొరిగి మొరిగి, విసుగొచ్చి పడుకుంది. ప్యా ప రా ప్యా, టిక్.

అప్పుడు డైరెక్టరు గారు ఈసారి రెండు కళ్లూ తెరిచి, కనుబొమలెగరేసి నన్ను అడిగారు, ఎలా ఉందీ అని. పదిమందిలో నన్నే ఎందుకు? నియమం ప్రకారం మాట్లాడకూడదు కదా. కానీ నోరు ఊరుకోదు. గుసగుసగా, "ఊపిరే తీసుకోవట్లేదు సార్!" అన్నాను.

ఆయన పొంగిపోయి, తన నియమం తానే తప్పి, "విన్నారా! ఊపిరే తీసుకోవట్లేదంటోంది!" అని అందరికీ వినపడేలా అన్నారు. అందరూ నిజమేనన్నట్టు తలలూపారు. ఆర్కిటెక్టు గారు "సర్క్యులర్ బ్రీతింగ్" (వాయిస్తూనే ముక్కుతో గాలి పీల్చుకోవడం) అని ఒక మాట వదిలారు.

వంటింటి గుమ్మంలో గింజలు పితకడం ఆగింది.

"ఏం నాయనా, ఆయనెవురో పాపం ఆడే ఇరుక్కోని శానా సేపాయనే. ఎవురన్నా లేసి ముల్లు ఎత్తరా?"

ఎవరూ లేవలేదు. లేస్తే అప్పటిదాకా కూర్చున్నందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆవిడే చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు. "కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీ ఇన్నాను నేను. ఆయనా ఈ సాక్సఫోనే వాయించేది. మధ్యలో ఊపిరి పీల్చుకునేవాడు" అని నా వైపు ఒక చూపు చూశారు. తర్వాత అల్లుడు గారి వైపు తిరిగి, వాళ్లింట్లో ఘంటసాల ప్లేటు కూడా ఇలాగే ఇరుక్కునేదనీ, ముల్లు నెత్తిన అర్ధరూపాయి బిళ్ల పెడితే దానంతటదే కదిలేదనీ చెప్పారు. డైరెక్టరు గారి మొహంలో రక్తం లేదు. ఆ ముల్లు ఖరీదు కూడా మాకు సాయంత్రమే చెప్పి ఉన్నారు. "వద్దత్తయ్యా, బరువు లెక్క ఉంటుంది, గ్రాముల్లో..." అంటూనే ఉన్నారు. ఆవిడ బిళ్ల అడిగారు. అంతమంది దగ్గరా ఒక్క చిల్లర నాణెం లేదు, అందరం ఫోనులో డబ్బు పెట్టుకు తిరిగేవాళ్లమే, ఆ ఫోన్లు కూడా బుట్టలో. చివరికి ఆవిడే దేవుడి గదిలోంచి కుంకుమ అంటిన రూపాయి తెచ్చి ముల్లు మీద పెట్టారు.

టిక్. దాటేసింది.

గొన్‌సాల్వెస్ బయటపడ్డాడు. మిగతా ఆవర్తనాలన్నీ ఒక్క పరుగులో వాయించేశాడు, బ్యాండ్ అంతా మీద పడింది, న్యూపోర్ట్ జనం వెర్రెత్తిపోయి చప్పట్లు కొట్టారు. మా గదిలో ఎవరూ కొట్టలేదు. ముల్లు మీద ఎర్రటి రూపాయి తిరుగుతోంది. జంతికలు తినడానికి అనుమతి దొరికింది గానీ ఎవరికీ ఆ కరకర వినిపించే ధైర్యం లేదు.

తర్వాత చర్చ జరిగింది. ఆ పొడిగింపులోనూ ఒక సౌందర్యం ఉందని డైరెక్టరు గారన్నారు. అది పక్కన పెట్టేద్దాం. నేను బయల్దేరుతుంటే అత్తగారు ఒక డబ్బాలో పితికిన పప్పు పెట్టిచ్చి, ఆ అయిదు లెక్క పాట ఏదో పేరు రాసిమ్మన్నారు. రాసిచ్చాను, యాప్‌లో దొరుకుతుందని కూడా చెప్పాను, అల్లుడు గారికి వినపడేలా.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ రికార్డు గురించి వెతికాను. తేలిందేమిటంటే, ఆ రాత్రి గొన్‌సాల్వెస్ వేరే మైకు ముందు నిలబడ్డాడు. అది రేడియో వాళ్లది, వాయిస్ ఆఫ్ అమెరికాది. రికార్డు కంపెనీ మైకుకి ఆయన సోలో దూరంగా, సన్నగా పడింది. దాన్ని అలాగే వేశారు. మిగతాదాంట్లో చాలా భాగం స్టూడియోలో మళ్లీ వాయించి, దాని మీద చప్పట్లు అతికించి, కచేరీ అని అమ్మారు! రేడియో వాళ్ల టేపు ఏళ్ల తర్వాత బయటపడితే, రెండూ కలిపి అసలు కచేరీని 1999లో రెండు సీడీలుగా తెచ్చారు. వినేవాళ్లెవరైనా ఉంటే అదే వినండి, 1956 ప్లేటు వెంట పడి డబ్బు తగలేసుకోకండి. ఈ సంగతంతా మర్యాదగా రాసి, లింకు పెట్టి, గోష్ఠి గ్రూపులో పంపాను. ఆర్కిటెక్టు గారు దణ్ణం పెట్టారు. లెక్కపెట్టిన కుర్రాడు పంటి నవ్వు పెట్టి వెంటనే తీసేశాడు. డైరెక్టరు గారు చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి, అంతే.

సోమవారం ఒక బగ్ నమోదు చేశాను. లాగిన్ అయ్యాక అదే పేజీ మళ్లీ మళ్లీ వస్తోంది, ముందుకి కదలట్లేదు అని. మధ్యాహ్నానికి అది మూసేసి వెనక్కొచ్చింది. కింద డైరెక్టరు గారి వ్యాఖ్య: "ఊపిరి తీసుకుని మళ్లీ చూడమ్మా."

చూశాను. ఇంకా వస్తోంది. మళ్లీ తెరిచి, ఆయన పేరు మీదే పెట్టాను.