చదివిన జన్యువుకు పని చెప్పాలి

2021 మార్చిలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ‘సింధు సాధన’ నౌక విశాఖపట్నం నుంచి హిందూ మహాసముద్రంలోకి బయలుదేరింది. లోతు నీటిలోని సూక్ష్మజీవుల జన్యు వివరాలు సేకరించడం ఆ మూడు నెలల యాత్ర ఉద్దేశాల్లో ముఖ్యమైనది. చేపల కోసమో చమురు కోసమో కాక, కంటికి ఆనని జీవుల కోసం అంత దూరం వెళ్లిన శాస్త్రవేత్తల శ్రమ కంప్యూటర్లలో అక్షరాల వరుసలుగా మిగిలిపోకూడదన్నదే మా ఆరాటం.

ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో దాదాపు 10 లక్షల బ్యాక్టీరియాలు ఉంటాయి. మామూలు పద్ధతుల్లో వాటిలో నూటికి ఒకటైనా ప్రయోగశాలలో పెరగదు. మనం పెట్టే పుష్టికరమైన మేతే చాలావాటికి పడదు. సముద్రంలో అత్యధికంగా కనిపించే సార్-11 అనే బ్యాక్టీరియా వర్గం ఉనికి 1990లోనే జన్యు ఆనవాళ్లతో తెలిసినా, దాన్ని పెంచడం 2002లో గాని సాధ్యపడలేదు. అందుకే నీటిని సన్నని పొరలో వడకట్టి, అందులో చిక్కిన జీవులన్నింటి డీఎన్‌ఏనూ కలగలుపుగా తీసి చదువుతున్నారు. మెటాజినోమిక్స్ అంటే ఇదే. 2004లో సర్గాసో సముద్రపు నీటిని ఇలా చదివితే ఒక్కసారిగా 12 లక్షలకు పైగా కొత్త జన్యువులు బయటపడ్డాయి.

మనకు పనికొచ్చేది ఆ జన్యువుల ఆదేశంతో తయారయ్యే ఎంజైము, అంటే రసాయన మార్పులను వేగంగా జరిపించే ప్రోటీను. అయితే జన్యువు దొరికినంత మాత్రాన ఎంజైము చేతికి వచ్చినట్లు కాదు. ఆ డీఎన్‌ఏ ముక్కలను సులువుగా పెరిగే ఈ.కోలై బ్యాక్టీరియాలో చొప్పించి, ట్రైబ్యుటిరిన్ అనే కొవ్వు కలిపిన, పాలలా తెల్లగా ఉండే అగార్ (జెల్లీ లాంటి మేత) పళ్లెంలో పెంచుతారు. అక్కడ చుక్కలుగా పెరిగిన వేల బ్యాక్టీరియా గుంపుల మధ్య ఏదో ఒకదాని చుట్టూ ఆ తెలుపు కరిగి గుండ్రంగా తేటపడితే, కొవ్వును విడగొట్టే ఎంజైము అక్కడ పనిచేస్తున్నట్లు. ఆ ఒక్క వలయం కోసం పరిశోధక విద్యార్థులు నెలల తరబడి పళ్లెం తర్వాత పళ్లెం వెలుతురుకు ఎత్తి చూస్తారు. దొరికినా కష్టం తీరదు. ఎన్నో సముద్ర జన్యువులు ఈ.కోలైలో అసలు పలకవు, అంటే వాటి ఎంజైము అక్కడ తయారవదు. పలికినవాటిలోనూ ఉప్పుకు, చలికి, వేడికి తట్టుకుని నిలిచేవేవో ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. చల్లటి నీటిలోనే నూనె మరక వదిలించే లైపేజ్ (కొవ్వును విడగొట్టే ఎంజైము) ఒకటి నిలబడితే నీళ్లు కాచే ఇంధనం ఆదా అవుతుంది. ఆ ఆశతోనే ఇంత ఓపిక పడుతున్నారు.

2024లో చైనా శాస్త్రవేత్తలు ముందుండి నడిపిన బృందం ఏం చేసిందో చూడండి. అందరికీ అందుబాటులో ఉన్న సముద్ర సమాచారం నుంచే 43 వేలకు పైగా సూక్ష్మజీవుల జన్యుపటాలు కూర్చింది. అక్కడితో ఆగక, నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్‌ను విడగొట్టే మూడు ఎంజైములను ప్రయోగశాలలో పరీక్షించి చూపింది. సమాచారం అందరిదీ, దానికి పని చెప్పినవారికే ఫలం. పేటెంట్లలో చేరిన సముద్రజీవుల జన్యుక్రమాలను లెక్కించిన 2018 నాటి అధ్యయనంలో వాటిలో 47 శాతం ఒక్క జర్మన్ రసాయన సంస్థ పేరిటే తేలాయి. పది దేశాల వాటా 98 శాతం. ఏ దేశానికీ చెందని సముద్ర జలాల జన్యు సంపదలో ప్రయోజనాలు పంచుకోవాలంటున్న అంతర్జాతీయ ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. భారత్ దానిపై 2024 సెప్టెంబరులోనే సంతకం చేసింది. కానీ పంపకాల బల్ల దగ్గర మాట చెల్లాలంటే మన చేతిలోనూ పరీక్షించిన ఎంజైములు ఉండాలి.

కేంద్రం 2021లో ఆమోదించిన లోతు సముద్ర మిషన్‌లో జీవ అన్వేషణ కూడా ఒక భాగం. మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు దించే మత్స్య-6000 జలాంతర వాహనం మీద ఉన్న శ్రద్ధలో కొంతైనా ఈ పళ్లేల మీదికి మళ్లాలి. విశాఖలో సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో జన్యువులను చదివే సీసీఎంబీ, మందుల పరిశ్రమ ఉన్నాయి. ఈ రెండు నగరాలనూ కలిపి, నౌకలు తెచ్చిన డీఎన్‌ఏను భద్రపరచి, ఏ విశ్వవిద్యాలయ విద్యార్థి అడిగినా పరీక్షకు ఇచ్చే ప్రభుత్వ భాండాగారం ఏర్పాటు చేయాలి. తదుపరి యాత్రకు నిధులు మంజూరు చేసేటప్పుడే, నౌక డీజిల్ ఖర్చు రాసిన కాగితం మీదే ఈ పరీక్షల ఖర్చునూ రాయాలి.