ఫ్యామిలీ హిస్టరీ కాలమ్‌లో అందరికీ 'నిల్' యేనా

నర్సింగ్ స్టూడెంట్స్‌కి మూడు తరాల ఫ్యామిలీ హిస్టరీ, అంటే పేషెంట్ ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయో అడిగి రాయడం, సరిగ్గా నేర్పాలని మీ ఆర్టికల్‌లో రాశారు, నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అండీ. కాలేజీలో ఫ్యామిలీ ట్రీ బొమ్మ వేయించి, చతురస్రం అంటే మగ, సున్నా అంటే ఆడ, అడ్డగీత కొడితే చనిపోయినట్టు, జంట గీత అంటే మేనరికం అని స్కేలు పెట్టి మరీ గీయిస్తారు, తీరా వార్డులోకి వెళ్లాక అడ్మిషన్ షీట్‌లో అందరికీ 'నిల్' అనే పడుతుంది. పిల్లల్ని అని లాభం లేదులెండి, ఒక్క సిస్టర్‌కి వార్డు మొత్తం అప్పజెప్పి తీరిగ్గా కూర్చుని అడగమంటే ఎక్కడ కుదురుతుంది.

అడిగే పద్ధతి కూడా ఉంటది. "మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా" అంటే లేదమ్మా అనేస్తారు. అదే "మీ నాన్న ఎట్లా పోయారు, అప్పటికి ఎన్నేళ్లు" అని అడిగి చూడండి, రాత్రి అన్నం తిని ఛాతీలో మంటన్నాడు, గ్యాస్ అనుకున్నాం, తెల్లారేసరికి లేడు, నలభై దాటాయంతే అని మొత్తం చెప్తారు. ఆ వయసే కావాల్సింది, తండ్రికో అన్నకో 55 లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చుంటే రిస్క్ ఉన్నట్టే లెక్క.

మేనరికమా, అబార్షన్లు అయ్యాయా అని అత్తగారి ముందు అడిగితే కోడలు నోరు విప్పదు, ఆవిణ్ణి ఏదో పని మీద బయటికి పంపాకే అడగాలి. ఏజెన్సీ ఏరియాల్లో సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) గురించి అడగకుండా వదలకూడదు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ క్యారియర్లైతే, అంటే తమకి జబ్బు లేకపోయినా ఆ జీన్ మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే ఛాన్స్ 25 శాతం. ఇంత కష్టపడి రాసింది రౌండ్స్‌లో డాక్టర్లు కూడా కాస్త చదవాలిగా మరి, దాని గురించి కూడా ఒక ఆర్టికల్ రాయండి.