124వ పేజీ తర్వాత డాక్టరు రాజ్యం

మా మేనమామకు స్టార్ ట్రెక్ పిచ్చి. అంతరిక్ష ఓడలో గ్రహాలు తిరిగేవాళ్ల టీవీ సీరియల్ అది. ఎనభైల్లో దూరదర్శన్‌లో చూసినప్పుడు పట్టుకుంది, రిటైరై పెన్షన్ తీసుకుంటున్నా వదల్లేదు. అమెరికాలో ఆ సీరియల్ 1966లో మొదలై మూడేళ్లు నిండకుండానే 1969లో ఆగిపోయింది. మొత్తం 79 భాగాలు. "79 చూసేసినాక మనిషనేవాడు ఏం చేయాల?" అని అడుగుతాడు మామ. అమెరికావాళ్లకూ అదే దిగులు పట్టుకున్నట్టుంది. 1970లో పెద్దల కోసం అవే పాత్రలతో సొంత కథ నవల ఒకటి వేశారు. అది మొదలు ఇప్పటికి వందల నవలలు వచ్చాయి. సీరియల్ ఒకరిది, పాత్రలు ఇంకొకరివి, రాసేది మరొకరు. వీటిని టై-ఇన్ నవలలంటారు.

మామ సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లినప్పుడల్లా సెంట్రల్ పక్కనుండే పాత పుస్తకాల అంగళ్లలో దూరి ఇలాంటివి ఏరుకొస్తాడు. తెచ్చుకుని తానొక్కడే చదువుకుంటే ఎవరికీ బాధ లేదు. వర్సిటీ గ్రౌండులో పొద్దున్నే వాకింగుకొచ్చే మా గుంపు మొత్తం చదవాలి. చదివి, టీ అంగడి దగ్గర అభిప్రాయం చెప్పాలి. "బాగుంది" అంటే ఒప్పుకోడు. ఎందుకు బాగుందో చెప్పాలి. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఆ ఓడలో ప్రతిదానికీ తర్కం చెప్పే స్పాక్ మాదిరి వేళ్లు రెండు రెండుగా చీల్చి దీవిస్తాడు కూడా. టీ అంగడి పిల్లోడు ఆ చెయ్యి చూసి ఐదు టీలు తెచ్చి పెడుతుంటాడు.

మా గుంపులో అభిప్రాయాలకు కొదవ లేదు. పోస్టాఫీసులో పని చేసి రిటైరైన అక్కకు ఈ నవలలంటే ఒకటే కోపం. "కెప్టెన్ చావడని మొదటి పేజీలోనే తెలిసిపోతాదబ్బా. టీవీలో ఉండే మనిషిని పుస్తకంలో చంపనిస్తారా? చచ్చేదంతా ఎర్రచొక్కాలోళ్లే." అది నిజమే. ఆ ఓడలో ఎర్రచొక్కా వేసుకున్న ఊరూపేరూ లేనివాడు కొత్త గ్రహం మీద కాలు పెట్టాడంటే తిరిగి రావడం కష్టం. ఫిజిక్స్ చెప్పి రిటైరైన సార్‌కు సైన్సు చాలదు. మెడికల్ షాపు అన్నకు ఓడలో ఉండే డాక్టర్ మెకాయ్ అంటే సానుభూతి. ఎప్పుడు చూసినా పక్కన నిలబడి గొణుక్కోవడమే తప్ప ఆ మనిషికి ఒక్క కథలోనైనా పెత్తనం ఇవ్వలేదని ఆయన బాధ. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడున్నాడు, వాడిది వేరే లెక్క. ఈ నవలల్ని చిన్నచూపు చూస్తే ఊరుకోడు. ఓడ నడిపే సులూకు హికారు అన్న పేరు 1981లో ఒక టై-ఇన్ నవల పెట్టిందేనని, సినిమావాళ్లు పదేళ్ల తర్వాత, 1991లో ఆ పేరు వాడుకున్నారని మామకే పాఠం చెప్పాడు. ఆ రోజు వాడి టీకి మామే డబ్బులిచ్చాడు.

ఈమధ్య మామ తెచ్చిన నవల కొన్నప్పుడే ముక్కలు ముక్కలుగా ఉంది. అట్ట లేదు, వీపున జిగురు ఎండి పొడి రాలుతోంది. చదవకుండానే గాంధీ రోడ్డు వెనక సందులో బైండింగుకిచ్చాడు. అది చేతికొచ్చేసరికి మామకు కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని, కొన్నాళ్లు పుస్తకం ముట్టకూడదన్నారు. సరే, ముందు మీరు చదవండి, నేను వింటాను అన్నాడు. కుర్రాడు సెమిస్టర్ పరీక్షల్లో ఉన్నాడు కాబట్టి పుస్తకం పెద్దవాళ్ల మధ్యే తిరిగింది.

ఆ నవల సంపాదించుకున్నంత మంచి పేరు మా గుంపులో ఏ పుస్తకమూ సంపాదించుకోలేదు.

మొదట మెడికల్ షాపు అన్న వచ్చాడు, కళ్లు చెమ్మగిల్లి. "ఇన్నాళ్లకు న్యాయం జరిగింది సామీ! 124వ పేజీలో కెప్టెన్ మాయమైపోతాడు. అక్కణ్నుంచి అంతా డాక్టరే. ఎవరికి కష్టమొచ్చినా డాక్టర్, డాక్టర్ అని ఆయన దగ్గరికే పరిగెత్తతారు." కాసేపాగి, "ఒక్క ఇంజెక్షన్ కూడా వెయ్యలేదనుకో, అదొక్కటే లోటు" అన్నాడు. ఓడ పోయి దాని బదులు పోలీసుల టెలిఫోన్ బూత్ లాంటి నీలం పెట్టె ఒకటి వస్తుందట. బయటికి బీరువా అంతే ఉంటుందట, లోపల ఎంతమందైనా పడతారట. ఇది నమ్మేట్టుందా అని ఫిజిక్స్ సార్ అడిగితే, "బస్టాండ్ నుంచి అలిపిరి పోయే షేర్ ఆటో ఎప్పుడూ ఎక్కలేదా సార్?" అన్నాడు అన్న.

సార్‌కు పెట్టె మీద అనుమానమే కానీ పుస్తకం మీద గౌరవం పెరిగిపోయింది. 124వ పేజీలో వాక్యం మధ్యలో తెగిపోయి, పక్క పేజీలో నంబరు 61 ఉందట. "కాలం వెనక్కి తిరిగినప్పుడు పేజీ నంబరు మాత్రం ముందుకెందుకు పోవాల?" అన్నాడు, క్లాసులో అడిగినట్టే. రచయితకు ఐన్‌స్టీన్ బాగా వంటబట్టాడని కూడా అన్నాడు. స్పాక్ ఏమయ్యాడని మామ అడిగితే, రెండో సగంలో నోరెత్తలేదు, తర్కం ప్రకారం ఆ అవసరం రాలేదు అని చెప్పాడు.

అక్క మాటే అందరికన్నా గట్టిది. "మొదటి సగంలో మామూలే, ఎర్రచొక్కాలు పోయినారు. రెండో సగంలో ఒక్కడి చొక్కా రంగన్నా చెప్పలేదు. ఎవడు పోతాడో తెలీక టెన్షన్‌తో అన్నం సయించలే. నవలంటే ఇట్లుండాల."

నల్లద్దాల వెనక మామ ముఖం వెలిగిపోయింది. "ఇంత తెగువ చేసినాడా రచయిత! టీవీవాళ్లు ఎట్లా ఒప్పుకున్నారబ్బా?" అని పదే పదే అన్నాడు.

పరీక్షలు ముగించుకుని కుర్రాడొచ్చాడు. పుస్తకం అక్కడే తిరగేశాడు. 61వ పేజీ దగ్గర ఆగి మామ వైపు జాలిగా చూశాడు. "ఇది వేరే సీరియల్ మామా. డాక్టర్ హూ. ఇంగ్లండ్‌ది."

తర్వాత అరగంట వాడే మాట్లాడాడు. అది బీబీసీలో 1963లో మొదలైందట. డాక్టరు వేషం కట్టిన పెద్దాయన ఆరోగ్యం చెడి 1966లో తప్పుకుంటే సీరియల్ ఆపకుండా, ఈ డాక్టరు ముఖం, ఒళ్లు మార్చుకోగలడని కథలోనే కలిపేశారట. అప్పటినుంచి నటుడు మారినప్పుడల్లా డాక్టరు మారతాడు. బీబీసీవాళ్లు పాత టేపులు చెరిపేసి మళ్లీ వాడుకోవడంతో ఎన్నో భాగాలు మాయమయ్యాయి. వాటి కథ నవలల్లో మాత్రం మిగిలింది. టెరెన్స్ డిక్స్ అనే ఒక్క రచయితే ఈ సీరియల్ కథల్ని అరవైకి పైగా నవలలుగా రాశాడు. సన్నటి పుస్తకాలు, చాలావాటికి 128 పేజీలే.

"అయితే మన డాక్టరు కాదా?" అన్నాడు మెడికల్ షాపు అన్న. ఆ గొంతు విని ఎవరూ జవాబివ్వలేదు. సార్ మాత్రం ఐన్‌స్టీన్ మాట వెనక్కి తీసుకోలేదు.

అందరం కలిసి బైండింగు అంగడికి పోయాం. అక్కడ మైదాపిండి జిగురు ఉడుకుతోంది, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతున్నారు. బల్ల నిండా వకీళ్ల రికార్డులు, పాత పంచాంగాలు. వీపుకు అంటించడానికి కత్తిరించిన కాలికో గుడ్డ ముక్కలు ఫ్యాను గాలికి ఎగురుతున్నాయి. ఆ ఫ్యానే దోషి అని తర్వాత తెలిసింది. కరెంటు పోయినప్పుడు రెండు పుస్తకాలూ విప్పి పెట్టారు. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, రెండు పుస్తకాలూ నేలకు దిగాయి.

"రెండూ ఒకే సైజు సామీ, రెంటికీ అట్టల్లేవు" అన్నాడు బైండింగు ఆయన. "అయినా మావోడు ఊరికే కుట్టలా. ఇంటర్ చదివినోడు. రెండు ముక్కల్లోనూ డాక్టర్ అనుంటే చూసి, చదివి మరీ జత చేసినాడు."

అంటే మామ కెప్టెన్ రెండో సగం, ఆ డాక్టరు మొదటి సగంతో జత కట్టి ఇంకెక్కడో ఉంది. విచారిస్తే, చిత్తూరు కోర్టులో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇచ్చిన పుస్తకమట, తీసుకెళ్లిపోయాడట. 2022లో జిల్లాలు విడిపోకముందైతే రెండు ముక్కలూ ఒకే జిల్లాలో ఉండేవి, ఇప్పుడు అదీ లేదు. ఆదివారం మామ, అక్క, నేను చంద్రగిరి మీదుగా పోయే బస్సెక్కాం.

పెద్దాయన ఇల్లు కట్టమంచి వైపు. కాఫీ ఇప్పించి, మామ చెప్పిందంతా మర్యాదగా విన్నాడు. తర్వాత పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు, మామకు అందనంత దూరంలో.

"ఇందులో తప్పేముండాది? ఆ డాక్టరు మొగం మార్చుకుంటాడు గదా. 60వ పేజీ దాకా ముసలాయన. ఆ తర్వాత వయసు తగ్గించుకుని కెప్టెనైనాడు. మనుషులెక్కువైతే నీలం పెట్టె చాలక పెద్ద ఓడ తీసుకున్నాడు. నంబరు 60 నుంచి 125కు దూకిందంటారా, ముందుకే గదా పోయింది! మీదే వెనక్కి పోయింది. తప్పు మీ పుస్తకంలో పడింది. నాది చూసి మీది సరిచేయించుకోండి."

మామ బతిమాలాడు. స్పాక్ ఎలా ఉన్నాడో ఒక్క పేజీ చదవనివ్వమన్నాడు. పెద్దాయన ఇవ్వలేదు, రెండోసారి చదువుతున్నానన్నాడు. చివరికి అక్క ముందుకు జరిగింది.

"పెద్దాయనా, ఒక్కటి చెప్పు. మా పక్క ఎర్రచొక్కావోడు ఒకడు మిగిలినాడు. వాడన్నా బతికినాడా?"

పెద్దాయన పుస్తకం తెరవకుండానే చెప్పాడు. "131."